మట్టి కలిపిన నైలాన్

ఆయన మొదటిసారి మా యూనిట్‌కు వచ్చినప్పుడు చేతిలో ఒక పాలపొడి డబ్బా ఉంది. మూత చుట్టూ టేపు వేసి ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు గానీ డబ్బాను కింద పెట్టలేదు, ఒళ్లోనే ఉంచుకున్నాడు. అందులో ఏముందని అడిగాను.

"మట్టి," అన్నాడు.

ప్లాస్టిక్ సామాన్లు చేసే చోటికి ఒక మనిషి మట్టి మోసుకొచ్చాడంటే మోసం చేయడానికే వచ్చాడని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఏ సంగతైనా తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టేది కాదు.

ఇది తొంభైల చివరి మాట. సిద్దిపేట దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉండేది మా యూనిట్. నైలాన్ తుక్కు కొని, కడిగి, కరిగించి, గింజలు చేసి, ఆ గింజలతో కరెంటు మీటర్ల డబ్బాలు, బల్బు హోల్డర్లు పోసేవాళ్లం. యజమానిది మిరుదొడ్డి దగ్గర భూములున్న కుటుంబం. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాక వ్యవసాయం తమ్ముళ్లకు వదిలేసి, హైదరాబాద్‌లో మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి పాత మిషన్లు కొనుక్కొచ్చి ఇక్కడ పెట్టాడు. అందరం ఆయన్ని పటేలు అనేవాళ్లం. మిషన్ నడిపేది యాభై దాటిన ఒక ముస్లిం పెద్దమనిషి. ఆయన అందరికీ చాచా. నేను సిద్దిపేట కాలేజీలో కెమిస్ట్రీతో డిగ్రీ చేశాను కాబట్టి నాకు ల్యాబ్ ఇన్‌చార్జి అని పేరు పెట్టారు. ల్యాబ్ అంటే ఒక బల్ల, ఒక త్రాసు, ఒక స్పిరిట్ దీపం. ప్రతి లాటులోంచి నాలుగు డబ్బాలు తీసి, స్క్రూ బిగించి, కింద పడేసి చూసి, పగలకపోతే "టెస్ట్ ఓకే" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టడం నా పని.

మట్టి అనగానే నాకెందుకంత అనుమానం వచ్చిందో చెప్పాలి. ప్లాస్టిక్‌లో సుద్దపొడి కలపడం అప్పట్లో మామూలు. సుద్ద చవక, నైలాన్ ప్రియం. సుద్ద కలిపిన సామాను తెల్లగా, బరువుగా, చూడ్డానికి ఘనంగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి స్క్రూ దగ్గర పగులుతుంది. అప్పటికి అమ్మినవాడు దొరకడు.

రెండో కారణం మా ఇంట్లోది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వంటింట్లో పాత నల్ల బేకలైట్ హోల్డరు పగిలిపోతే బాపు బజారు నుంచి తెల్లటి ప్లాస్టిక్ హోల్డరు తెచ్చి బిగించాడు. దానికి నిప్పంటదని దుకాణదారు చెప్పాడట. ఒకరోజు పొద్దుగూకే వేళ అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తుంటే పైన వైరు దగ్గర చిటచిటమని హోల్డరు అంటుకుంది. అంటుకుని ఊరుకోలేదు. కరిగి, మండుతూనే చుక్కలు చుక్కలుగా అవ్వ ఎడమ చేతి మీద పడింది. నీళ్లు పోస్తే మంట ఆరింది గానీ ఆ ముద్ద చర్మానికి అతుక్కుపోయింది. దవాఖానలో దాన్ని చర్మంతో పాటే తీశారు. ఆ తర్వాత "నిప్పంటదు" అనే మాట ఎవరి నోట విన్నా నేను ఆ మనిషిని ఒకటికి రెండుసార్లు చూసేదాన్ని.

డబ్బాతో వచ్చినాయనకు ముప్పై అయిదేళ్లుంటాయి. కొండపాక మనిషి. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో డాక్టరేట్ కోసం పనిచేస్తున్నాడు. వాళ్ల దగ్గరున్న చిన్న మిషన్ చెడిపోయి బాగుకాక నెలలు గడుస్తున్నాయట. రెండు స్క్రూలు పక్కపక్కన తిరుగుతూ ప్లాస్టిక్‌ను పిసికే మిషన్ మా దగ్గర ఉందని ఎవరో చెబితే వచ్చాడు. మాకు పని లేని మధ్యాహ్నాలు నడుపుకుంటానని అడిగాడు. పటేలు వెంటనే సరేనన్నాడు. తనకు లాభం లేనిదే ఫ్యాను స్విచ్ కూడా వేయనివ్వని మనిషి వెంటనే సరేననడం నాకు ఇంకో అనుమానం.

ఆ మధ్యాహ్నమే నేను పొడవాటి నోట్‌బుక్ ఒకటి తీసి, ఏం చేస్తారో వివరంగా చెప్పమన్నాను. ఆయన సంతోషించాడు. వినేవాళ్లు దొరికారనుకున్నాడు పాపం.

"ఇది బోర్లు ఏసేటప్పుడు పోసే మట్టి జాతే మేడం. గుజరాత్ దిక్కు దొరుకుతది," అన్నాడు. "ఒక్కొక్క రేణువు ఇస్తరాకుల కట్ట లెక్క ఉంటది. కట్ట కట్టనే ముంగట పెడితే ఒక్కనికి కూడ సరిగ పనికిరాదు. ఏ ఆకుకు ఆ ఆకు విప్పి పరిస్తే బంతి మొత్తం కూసుంటది."

ఆ ఆకులు ఎంత పలచనంటే మా కాలేజీ మైక్రోస్కోపులో కనిపించవట. అసలు మట్టికి నీళ్లంటే ఇష్టం, ప్లాస్టిక్ అంటే పడదు. అందుకని సబ్బులాంటి ఒక పదార్థంతో దాన్ని ముందే నానబెట్టి, కడిగి, ఎండబెట్టి తెచ్చాడు. అలా చేస్తే ఆకుల మధ్య పట్టు సడలుతుంది, కరిగిన నైలాన్ లోపలికి దూరుతుంది, రెండు స్క్రూల మధ్య నలిగి ఆకులు విడిపోతాయి. నూరు పాళ్ల నైలాన్‌కు ఐదు పాళ్ల మట్టి చాలు. మంట తగిలినప్పుడు పైనున్న నైలాన్ కాలిపోయి ఆకులు మిగులుతాయి, ఒకదాని మీద ఒకటి పడి నల్లటి పెచ్చు కడతాయి. ఆ పెచ్చు లోపలికి వేడిని పోనివ్వదు, లోపలి గ్యాసును బయటికి రానివ్వదు. జపాన్‌లో కారు భాగాలు గట్టిగా ఉండాలని ఈ పని మొదలుపెట్టారట, ఇప్పుడు అమెరికాలో నిప్పు సంగతి చూస్తున్నారట. మంటలాపే మందులు వేరే ఉన్నాయి గానీ కొన్నిటి పొగే మనిషిని చంపేస్తుందని చెప్పాడు.

అన్నీ రాసుకున్నాను, నేర్చుకోవడానికి కాదు. ఎక్కడో ఒకచోట మాట మారుస్తాడు, అక్కడ పట్టుకోవచ్చని.

ఆయన పనితీరు కూడా నా అనుమానానికి తగ్గట్టే ఉండేది. పొడి ఎగిరిపోతుందని కిటికీలు మూయించేవాడు. డబ్బా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేలమీద పడ్డ పొడిని కూడా కాగితంతో ఎత్తి సంచిలో వేసుకునేవాడు. మిషన్‌లో సరుకు ఎక్కువసేపు ఆగితే ఆ సబ్బు మాడిపోయి పని చెడుతుందని చాచా పక్కనే నిలబడి నిమిషాలు లెక్కపెట్టేవాడు. చాచా మిషన్ చప్పుడు విని స్క్రూల వేగం తగ్గించేవాడు, పెంచేవాడు. వాళ్లిద్దరికీ మొదటిరోజే కుదిరింది.

ముక్కలు పోశాక చూస్తే నా అనుమానం ఇంకో దారి పట్టింది. మట్టి కలిపితే మురికిరంగు రావాలి, కనీసం సుద్ద కలిపినట్టు తెల్లబడాలి. ఆ ముక్క లేత తేనె రంగులో ఉంది. వెనక వేలు పెడితే వేలు కనిపించింది. అంటే ఇతను మట్టి కలిపానని చెబుతున్నాడే గానీ ఏమీ కలపలేదన్నమాట. కలిపితే కల్తీ, కలపకపోతే అబద్ధం. ఆయనకు నా దగ్గర తప్పించుకునే దారి లేదు.

మామూలు నైలాన్ ముక్క ఒకటి, మట్టి కలిపిందని చుక్క పెట్టిన ముక్క ఒకటి చీర కొంగులో ముడేసుకుని ఇంటికి తెచ్చాను. ఆదివారం పొద్దున పెరట్లో ఇటుక మీద కొవ్వొత్తి పెట్టి, పట్టకారుతో ఒక్కో ముక్కా మంటలో పెట్టాను. అవ్వ గోడ నీడలో బియ్యం ఏరుతోంది.

మామూలు ముక్క కాసేపు ఆలోచించి అంటుకుంది. చుక్క ముక్క దానికంటే ముందే అంటుకుంది. నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. నేను అనుకున్నదే నిజమైందనే సంతోషం అది.

అవ్వ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. ఎడమ చెయ్యి కొంగు కింద దాచుకుని, కాస్త దూరం నుంచే వంగి చూసింది. మామూలు ముక్క నుంచి మండే చుక్కలు ఇటుక మీద పడుతున్నాయి. రెండోది చివర నల్లగా పొంగి, తోలు కట్టినట్టయి, చిన్న మంటతో అలాగే ఉంది.

"గిది కారుతలేదేంది బిడ్డా?" అంది.

కారకపోతేనేం, అంటుకుంది కదా అన్నాను.

"అంటుకునుడు అన్నీ అంటుకుంటయి. మీద పడుతదా లేదా, గది చూడు."

నేను చూడలేదు. చూడాల్సింది అప్పటికే చూసేశాననుకున్నాను.

సోమవారం పటేలు బల్ల మీద స్టిక్కర్ల కట్ట కనిపించింది. మంట బొమ్మ మీద అడ్డంగా ఎర్ర గీత, కింద "నిప్పంటదు" అని పెద్ద అక్షరాలు. ఎవరు చెప్పారు పటేలా అని అడిగితే, మన రీసెర్చ్ సారే, మట్టి కలిపితే నిప్పంటదట, కరెంటు ఆఫీసువాళ్లకు చూపిస్తే పెద్ద ఆర్డరు వస్తుందన్నాడు. అప్పుడు నాకు అంతా స్పష్టమైపోయింది. ఇద్దరూ ఒకటే. చదువుకున్నవాడు అబద్ధానికి పేరు పెడతాడు, డబ్బున్నవాడు దాన్ని డబ్బాలకు అతికిస్తాడు.

రీసెర్చ్ సారును ఎదురుగా అడగవచ్చు. అడగలేదు. ఉద్యోగం పోతుందనే భయం కొంత. అడిగితే ఏదో ఒకటి చెప్పి నమ్మిస్తాడనే భయం ఇంకొంత. ఆయన ఫైలులో ఒక కవరు మీద ఆయన గైడు చిరునామా చూసి రాసుకుని ఉన్నాను. ఇన్‌ల్యాండ్ లెటర్ కొని రాశాను. మీ విద్యార్థి పరిశోధన పేరుతో సిద్దిపేటలో ప్లాస్టిక్‌లో మట్టి కలిపి ఒక వ్యాపారి అబద్ధపు ప్రచారానికి సాయం చేస్తున్నాడు, ఆ సరుకు మామూలు దానికంటే ముందే అంటుకుంటుంది, నా చేతులతో కాల్చి చూశాను అని. సంతకం పెట్టలేదు. ఇంటి దగ్గర పోస్టు డబ్బాలో కాకుండా బస్టాండు దగ్గరి డబ్బాలో వేశాను. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మూడు వారాలు ఆయన రాలేదు. వచ్చినప్పుడు చేతిలో డబ్బా లేదు. గడ్డం పెరిగి ఉంది. మిషన్ దగ్గర నిలబడి చాచాతో చెబుతుంటే నా బల్ల దగ్గరికి వినిపించింది. ఎవరో తన సారుకు ఉత్తరం రాశారట. సారు బయటి పని ఆపించి, ప్రయోగాలు రాసుకునే రిజిస్టర్ తీసుకుని విచారణ కమిటీకి ఇచ్చాడట. స్కాలర్‌షిప్ గడువు కొన్ని నెలలే మిగిలింది. మిగిలిపోయిన ముక్కలు తీసుకుపోవడానికి వచ్చాడు.

నేను అప్పుడు కూడా నాటకమే అనుకున్నాను. లేచి వెళ్లి, గొంతు కాస్త గట్టిగానే పెట్టి అడిగాను.

"అసలు అది అంటుకుంటది కద సార్?"

"అంటుకుంటది మేడం. మామూలు దానికంటె ముందే అంటుకుంటది."

ఆ జవాబుకు నేను సిద్ధంగా లేను. ఆయన సంచిలోంచి రిజిస్టర్ జిరాక్సు తీసి చూపించాడు. మొదటి వారం పేజీలోనే ఆయన చేతిరాతలో ఉంది: చుక్క ముక్క ముందు అంటుకుంది, కారలేదు, మంట చిన్నది, పూర్తిగా కాలడానికి ఎక్కువసేపు పట్టింది. ముందు అంటుకుంది అన్నచోట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

మరి నిప్పంటదని పటేలుకు ఎవరు చెప్పారని అడిగాను.

"నేనైతే చెప్పలె. మెల్లగ కాలుతది, కారదు, గంతే చెప్పిన. ఇంట్ల మనిషి బయటికి ఉరుకుతందుకు కొంచెం టైమ్ దొరుకుతది. గదే నా పని మొత్తం. ఇంకేం లేదు దాంట్ల."

ఆయన వెళ్లిపోయాక నా నోట్‌బుక్ తీశాను. పట్టుకోవడానికి రాసుకున్న పేజీలన్నీ మొదటి నుంచి చదివాను. "మెల్లగా కాలుతుంది" అని నాలుగు చోట్ల ఉంది. "అంటుకోదు" అని ఒక్కచోటా లేదు. అన్నీ నేను రాసినవే. రాశాను గానీ చదవలేదు.

అయినా చెప్పలేదు. ఆయన వెనకే బస్టాండుకు వెళ్లి ఆ ఉత్తరం నేనే రాశానని చెప్పాల్సింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ వారం గడిపాను. నా అనుమానాన్ని ఆయన మీది నుంచి తీసి పటేలు మీద పెట్టుకుంటే పాపం పోతుందన్నట్టు, పటేలును కనిపెట్టడం మొదలుపెట్టాను.

కనిపెట్టడానికి పెద్దగా కష్టపడాల్సిన పనేమీ లేకపోయింది. ఒకరోజు ట్రాక్టరు మీద జల్లెడ పట్టిన ఎర్రమట్టి బస్తాలు దిగాయి. పటేలు లెక్కలో మట్టి అంటే మట్టే. ఐదు పాళ్లకే అంత పని చేస్తే ఇరవై పాళ్లైతే ఇంకా బాగా చేస్తుందని చాచాను పొయ్యమన్నాడు. చాచా మొదటి గంటలోనే మిషన్ ఆపి నా దగ్గరికి వచ్చాడు.

"దీంట్ల ఇసుక ఉన్నది బేటీ. స్క్రూలు పండ్లు కొరికినట్టు చప్పుడు చేస్తున్నయి. గా సార్ మట్టి పోస్తే మిషన్‌కు తెలుస్తనే లేకుండె."

పటేలు మళ్లీ నడిపించాడు. డబ్బాలు ఇటుక రంగులో వస్తే పైన బూడిద రంగు వేయించి, స్టిక్కర్లు అతికించాడు. నేను నాలుగు తీసి స్క్రూ బిగించాను. మూడింటికి మూల చిట్లింది. నాలుగోదాని ముక్క విరిచి దీపంలో పెట్టాను. అంటుకుంది, కారింది. చుక్కల్లో మట్టి ఉండడం వల్ల బరువుగా పడి, పడ్డచోట కూడా మండుతూనే ఉన్నాయి. ఆకులు విడిపోలేదు, కట్టలు కట్టలుగానే ఉన్నాయి. ఇప్పుడు నాకు ఆయన చెప్పింది పూర్తిగా అర్థమైంది.

పటేలు టెస్ట్ కాగితం నా ముందు పెట్టి సంతకం పెట్టు బిడ్డా అన్నాడు. పగులుతోంది, కారుతోంది, పెట్టలేనన్నాను.

"మట్టి కలిపితే నిప్పంటదని గంత చదువుకున్నోడు చెప్పిండు గద."

"ఆయన చెప్పింది గీ మట్టి కాదు పటేలా. నిప్పంటదని కూడ చెప్పలె. నేను రాసి పెట్టుకున్న."

నోట్‌బుక్ చూపించాను. ఆయన పేజీలు ఒక్కొక్కటీ తిప్పాడు. అక్షరాలు చదవడం లేదు, చేతిరాత చూస్తున్నాడని నాకు ఆలస్యంగా తట్టింది. హైదరాబాద్ గైడు ఈయనకు కూడా ఒక జాబు రాసి, వచ్చిన ఉత్తరం జిరాక్సు జత చేశాడట. సొరుగు తెరిచి ఆ జిరాక్సు తీసి నోట్‌బుక్ పక్కన పెట్టాడు.

"ఇద్దరి మీద చేసినవు గద బిడ్డా అనుమానం," అన్నాడు మెత్తగా. "సారుకు నేనైతే చెప్పలె ఇంక. చెప్పాల్నా వద్దా, గది నీ సంతకం మీద ఉన్నది."

కాగితం అలాగే వదిలేసి లేచి వచ్చేశాను. ధైర్యంతో కాదు. ఆ జిరాక్సు ముందు కూర్చోలేక.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు హైదరాబాద్ వెళ్లాను. నోట్‌బుక్, పెరట్లో కాల్చగా మిగిలిన రెండు ముక్కలు, పటేలు డబ్బాది విరిచిన ముక్క సంచిలో పెట్టుకున్నాను. కబురు పెడితే రీసెర్చ్ సారు సంస్థ గేటు దాకా వచ్చి, ఏదో ఆపద అనుకున్నాడేమో, చాయ్ బండి దగ్గర కూర్చోబెట్టాడు. పటేలు చెప్పేలోగా నేనే చెప్పాలని వచ్చానని కూడా దాచకుండా మొత్తం చెప్పాను. ఆయన చేతిలోని చాయ్ మీద మీగడ కట్టింది.

"ఒక్కసారి నన్ను అడిగితే ఏమయ్యేది?" అన్నాడు చివరికి.

జవాబు కోసం ఆగలేదు. లేచి, నన్ను తన గైడు గదికి తీసుకెళ్లాడు.

గైడు నెరిసిన జుట్టు, లావు కళ్లద్దాల మనిషి. నేను అక్కడికక్కడే, ఈసారి సంతకంతో, రాసిచ్చిన ఉత్తరం చదివాడు, పాతది పక్కన పెట్టుకుని రెండూ పోల్చాడు. తిడతాడనుకున్నాను. అంటుకున్న ఎన్ని సెకండ్లకు కారడం మొదలైందని అడిగాడు. గడియారం చూడలేదన్నాను. ఎన్ని ముక్కలు కాల్చావన్నాడు. ఒక్కోటి ఒక్కటే అన్నాను. ఒక్క ముక్క కాల్చి మనిషి మీద ఉత్తరం రాశావా అన్నట్టు చూశాడు గానీ అనలేదు.

కమిటీని ఒప్పించడానికి ఆయనే ఒక దారి చెప్పాడు. ముక్కలకు చుక్కలు ఉండకూడదు, అంకెలు మాత్రమే ఉండాలి. ఏ అంకె ఏదో గైడు దగ్గరి కాగితంలో ఉంటుంది. విద్యార్థిని నమ్మని మనిషే వాటిని కాల్చి సమయాలు రాయాలి. అలాంటి మనిషి ఎదురుగా ఉంది కాబట్టి వేరే వెతకనవసరం లేదన్నాడు.

ఆ రెండు నెలలు వారానికొకసారి మొదటి బస్సెక్కి వెళ్లేదాన్ని. యూనిట్‌లో మిషన్ దొరకదు కాబట్టి ముందే పోసి ఉంచిన ముక్కలతోనే పని. సంస్థ పెరట్లో గాలి తగలకుండా మూడువైపులా రేకు కట్టిన బల్ల, దాని మీద గ్యాసు మంట, కింద దూదిపింజ. చుక్క పడి దూది అంటుకుంటే అది కూడా రాయాలి. రీసెర్చ్ సారు నా పక్కన నిలబడేవాడు కాదు, గోడ అవతల ఉండేవాడు. అవసరమైన మాటే మాట్లాడేవాడు. మేడం అని పిలవడం మానేశాడు. ఏమనీ పిలిచేవాడు కాదు.

నేను నిజంగానే నమ్మకుండా కాల్చాను. అంకెలు చూసి ఇది మట్టిదే అనిపిస్తే ఇంకాస్త అనుమానంగా చూసేదాన్ని. చివరికి గైడు కాగితం విప్పితే లెక్క తేలింది. మట్టివి దాదాపు అన్నీ కాస్త ముందే అంటుకున్నాయి, దాదాపు ఏవీ కారలేదు, మంట చిన్నదిగా చాలాసేపు ఉంది, పెచ్చు మిగిలింది. ఒక్క బ్యాచ్ మాత్రం కారి దూదిని అంటించింది. దాన్ని తీసేద్దామని రీసెర్చ్ సారు అంటాడేమోనని చూశాను. ఆయన రిజిస్టర్ జిరాక్సు వెనక్కి తిప్పి, అది పోసిన రోజు కరెంటు పోయి సరుకు మిషన్‌లోనే నిలిచిపోయిందని చూపించి, ఆ బ్యాచ్‌ను అలాగే పట్టికలో రాశాడు. దాని కింద కారణం రాశాడు. ఆ రోజు ఆయన మీద నాకున్న అనుమానం పోయింది. అంతకుముందు సిగ్గు ఉండేది గానీ అనుమానం పూర్తిగా పోలేదని ఒప్పుకోవాలి.

పటేలు వేరే ఎవరి చేతో సంతకం పెట్టించి డబ్బాలు పంపాడు. శాంపిల్ చూసిన కరెంటు ఆఫీసు ఇంజనీరు తన చేత్తో స్క్రూ బిగిస్తుంటే మూల చిట్లి చేతికొచ్చిందట. లాటంతా వెనక్కి వచ్చింది. ఇసుకకు అరిగిపోయిన మిషన్ స్క్రూలు మార్చే ఓపిక లేక ఏడాదిలోపే పటేలు దాన్ని అమ్మేసి, హైవే పక్కన ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు. బజారులో ఎదురైతే ఎప్పటిలాగే బాగున్నవా బిడ్డా అని పలకరించేవాడు. ఉత్తరం మాట మాత్రం ఎక్కడా ఎత్తలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. చాచా పైపుల యూనిట్‌లో చేరాడు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పడానికి కుదిరాను.

రీసెర్చ్ సారు స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది. ఆరు నెలలు స్కాలర్‌షిప్ లేకుండా ట్యూషన్లు చెప్పుకుంటూ థీసిస్ పూర్తి చేశాడు. ఆ ఆరు నెలలూ నా ఇన్‌ల్యాండ్ లెటర్ ఖరీదు. ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు, నేనే అనుకునేదాన్ని. డాక్టరేట్ వచ్చాక కొండపాక వచ్చినప్పుడు సిద్దిపేట దాకా వచ్చి, చాచాకు ఇవ్వమని థీసిస్ కాపీ ఒకటి మా స్కూల్లో ఇచ్చి వెళ్లాడు. మంటల్ని ఆపడానికి ఈ మట్టి ఒక్కటే చాలదు, వేరేవాటితో కలిపి వాడాలి, ఇళ్లలోకి రావడానికి చాలా ఏళ్లు పడుతుందని అందులో చివరి పేజీల్లో రాశాడు.

కృతజ్ఞతల పేజీ ముందు చదివాను. గైడు పేరు, తల్లిదండ్రులు, తర్వాత సిద్దిపేటలో మిషన్ నడిపిన చాచా పేరు పూర్తిగా, సరైన అక్షరాలతో. నా పేరు లేదు. రెండుసార్లు వెతికాను. పరీక్షల అధ్యాయంలో మాత్రం ఒక వాక్యం ఉంది: ఏ నమూనా ఏదో తెలియని వ్యక్తి సమయాలను నమోదు చేశారు.

సాయంత్రం చాచా ఇంటికి వెళ్లి ఆ పేజీ తెలుగులో చెప్పాను. పేరున్న చోట వేలు పెట్టి చూపమన్నాడు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఆ వరుస మీద వేలు అటూ ఇటూ రెండుసార్లు నడిపాడు.

"నీది ఏడున్నది బేటీ?"

లేదన్నాను. ఎందుకు లేదని అడిగితే అప్పుడు చెప్పాను, ఆ ఉత్తరం నేనే రాశానని. పెరట్లో చాయ్ కాస్తున్న ఆయన భార్యకు వినబడకుండా గొంతు తగ్గించి చెప్పాను.

"తెల్సు," అన్నాడు చాచా. "సార్ వచ్చి చెప్పిన రోజే నీ మొఖం చూసిన."

"మరి నన్నెందుకు అడుగలె?"

"నువ్వే చెప్తవని చూసిన."

ఆయన భార్య చాయ్ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. చాచా ఆ పేజీ ఆమెకు చూపించి, తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.